పెరటి చెక్క మెట్లకు నల్లమద్ది: ఒక టింబర్ డిపో సరుకు, సేవలపై సమీక్ష

హన్మకొండలో మా ఇల్లు గుట్ట వాలులో కట్టినది కావడం వల్ల, ముందు గుమ్మం వీధికి రెండు మెట్ల ఎత్తులోనే ఉన్నా, వెనుక గుమ్మం మాత్రం పెరటి నేలకు 70 అంగుళాల ఎత్తున ఉంటుంది. చాలా ఏళ్లపాటు అక్కడ ఒక ఇనుప నిచ్చెన మాత్రమే ఉండేది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ తులసికోటకు నీళ్లు పోయాలంటే ఇల్లంతా చుట్టి రావలసి వచ్చేది. సిమెంటు మెట్లు కడితే గుట్ట మీది నుంచి వచ్చే వాననీటికి దారి మూసుకుపోతుంది కనుక, కింద నీరు పారేలా చెక్క మెట్లు కట్టాలని, అది కూడా మా బావమరిది సాయంతో నేనే కట్టాలని 2023 ఫిబ్రవరిలో నిశ్చయించుకున్నాను. కలప మొత్తం ములుగు రోడ్డు వైపున్న ఒక టింబర్ డిపోలో కొన్నాను. రెండు వానాకాలాలు, ఒక నిండు వేసవి గడిచాక ఆ సరుకు ఎలా నిలిచిందో, ఆ డిపో వారి సేవ ఎలా ఉందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట టేకు అడిగాను. ఎండకు, వానకు, చెదలకు టేకు చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క, బాగా తట్టుకుంటుందన్నది అందరికీ తెలిసిన విషయమే. అయితే పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అంగుళాల వెడల్పు ఉన్న టేకు పలకల ధర మా అంచనాను పూర్తిగా దాటిపోయింది. అప్పుడు డిపో యజమాని స్వయంగా నల్లమద్ది చూపించారు. టేకు కంటే బరువైనది, గట్టిది, ధర అందులో సగానికి కొంచెం తక్కువ. దీనికి పగుళ్లు వచ్చే గుణం ఉందని, ఎండబెట్టేటప్పుడు కొసలు చీలకుండా రంగు పూయాలని ఆయన ముందే చెప్పారు. అమ్ముకునేవారు సరుకులోని లోపాన్ని తామే చెప్పడం అరుదు కనుక, ఈ విషయంలో వారికి పూర్తి మార్కులు ఇస్తాను.

బిల్లు దగ్గర మాత్రం కొనేవారు జాగ్రత్తగా ఉండాలి. కలపను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. పొడవును అడుగుల్లోనూ, వెడల్పును, మందాన్ని అంగుళాల్లోనూ తీసుకుని మూడింటినీ గుణించి, 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. మెట్లను మోసే ఏటవాలు దూలానికి నేను తీసుకున్న పలక పొడవు 12 అడుగులు, వెడల్పు 12 అంగుళాలు, మందం 2 అంగుళాలు కనుక ఒక్కొక్కటి సరిగ్గా 2 ఘనపుటడుగులు, మూడూ కలిపి 6 ఘనపుటడుగులు అయ్యాయి. అయితే ఆ 2 అంగుళాలు రంపపు కోత నాటి మందం. నాలుగు వైపులా చిత్రిక పట్టాక మన చేతికి వచ్చేది ఒకటి ముప్పావు అంగుళమే. లెక్క కోత కొలత మీద వేయడం మన దగ్గర వాడుకలో ఉన్న పద్ధతే, అందులో మోసం లేదు. కానీ ఆ మాట కోతకు ముందు చెబితే నేను ఇంకొంచెం మందంగా కోయించుకునేవాడిని. చిత్రిక కూలి వేరుగా వేశారు. బిల్లు మీద కలప జాతి పేరు రాసి ఇవ్వమంటే మారు మాట లేకుండా రాసిచ్చారు.

నా అసలైన ఫిర్యాదు తేమ గురించి. "బాగా ఎండిన సరుకు, రేపే పని మొదలుపెట్టుకోవచ్చు" అని డిపోలో గట్టిగా చెప్పారు. ట్రాలీ ఆటోలో సరుకు ఇంటికి చేరాక, ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న తేమ మీటరు సూదులు గుచ్చి చూస్తే దూలాల్లో 26 శాతం, మెట్టు పలకల్లో 22 నుంచి 24 శాతం వరకు చూపించింది. మా వాడకట్టులో వడ్రంగి పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన మీటరు వైపు చూడకుండానే పలకను వేళ్లతో తట్టి, "ఇది ఇంక పచ్చిగనే ఉన్నది బిడ్డా, తొందరపడకు" అన్నారు. తేమ దాదాపు 30 శాతం కంటే దిగినప్పటి నుంచే కలప కుంచించుకుపోవడం మొదలవుతుంది. అంటే 22, 24 శాతం దగ్గర బిగించిన మెట్టు పలక, మన ఓరుగల్లు వేసవిలో ఆరిపోయేసరికి సన్నబడి, వంగి, మరలు (స్క్రూలు) దిగిన చోట చీలిపోయేది. ఆయన చెప్పినట్టే పలకల మధ్య అంగుళం మందపు రీపర్లు (సన్నని చెక్క పట్టీలు) పెట్టి, నీడ పట్టున గాలి ఆడేలా పేర్చి, కొసలకు రంగు పూసి, పైన బరువు పెట్టి మూడు నెలలు ఆగాను. మే నెల సగానికి మీటరు 14 శాతానికి దిగింది. ఈ మూడు నెలల్లో ఒక దూలం నడిమి వరకు చీలింది. దాన్ని ఆటోలో వెనక్కి తీసుకువెళితే, ఇన్ని రోజుల తరువాత తెచ్చారేమిటని ఒక్క మాట కూడా అనకుండా వేరే పలక మార్చి ఇచ్చారు, పైగా ఈసారి ఎండిన పలకను వారే వెతికి తీశారు. తప్పుడు మాట చెప్పినవారే తప్పును సరిదిద్దారు కనుక నా కోపం సగం చల్లారింది. తక్కిన సగం అలాగే ఉంది, ఎందుకంటే మీటరు లేని మనిషి ఆ మాట నమ్మి మరునాడే బిగించి ఉండేవాడు.

మెట్ల కొలతల విషయానికి వస్తే, 70 అంగుళాల ఎత్తును పదితో భాగించి ఒక్కో మెట్టుకు 7 అంగుళాల ఎత్తు, అడుగు మోపడానికి 11 అంగుళాల లోతు పెట్టుకున్నాను. రెండు ఎత్తులు, ఒక లోతు కలిపితే 24, 25 అంగుళాల దగ్గర ఉంటే నడక సాఫీగా ఉంటుందన్న పాత లెక్కకు ఇది సరిపోతుంది. ఇళ్ల మెట్ల ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు మించరాదన్న జాతీయ భవన నియమావళి హద్దుకు కూడా లోపలే ఉంటుంది. పదో ఎత్తు గుమ్మం ముందరి అరుగు మీదికే చేరుతుంది కనుక పలకలు పెట్టవలసిన మెట్లు తొమ్మిదే. దూలంలో మెట్టు పలక కూర్చునే గంటు కోశాక మిగిలే కలప 6 అంగుళాలకు పైగా ఉండాలన్నదే పన్నెండు అంగుళాల వెడల్పు పలక కోసం పట్టుబట్టడానికి కారణం. డిపోలో పది అంగుళాలది చాలునన్నారు, కానీ ఆ మాట విని ఉంటే గంటు దగ్గర నాలుగు అంగుళాలే మిగిలేవి.

ఇక్కడ స్వయంగా కట్టుకునేవారు తప్పక గుర్తుంచుకోవలసిన ఒక కోత ఉంది. మెట్ల మీద ఒకటిన్నర అంగుళం మందపు పలకలు కూర్చున్నాక ప్రతి మెట్టూ అంత మేరకు పైకి లేస్తుంది. అందువల్ల అన్ని మెట్ల మధ్య ఎత్తు 7 అంగుళాలే ఉన్నా, నేల నుంచి మొదటి మెట్టు మాత్రం ఎనిమిదిన్నర అవుతుంది, చివరి మెట్టు నుంచి అరుగు ఐదున్నరే అవుతుంది. దూలం అడుగు భాగాన్ని ఆ ఒకటిన్నర అంగుళం తగ్గించి కోస్తేనే పది ఎత్తులూ సమానమవుతాయి. చీకట్లో అలవాటుగా దిగే పెద్దవారి కాలు ఈ తేడా దగ్గరే తడబడుతుంది. నేను మొదటి దూలాన్ని గీసి, అట్టముక్కలను పలకల స్థానంలో పెట్టి చూసుకున్నాక గాని ఈ సంగతి నాకు అర్థం కాలేదు.

మరల విషయంలో డిపో పక్కనున్న హార్డ్‌వేర్ దుకాణం మామూలు ఇనుప మరలు ఇవ్వబోయింది. ఇనుము వానకు తుప్పు పట్టి, గట్టి కలప మీద నల్లటి మరకలు దించుతుంది కనుక 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ మరలు, మూడు అంగుళాలవి తీసుకున్నాను. ఒక్కో మెట్టుకు రెండు పలకలు, ఒక్కో పలకకు మూడు దూలాల మీద రెండేసి మరలు, మొత్తం 108. ముందు సన్నని బెజ్జం వేయకుండా నల్లమద్దిలోకి మర దిగదు, బలవంతం చేస్తే మర తలైనా తెగుతుంది, చెక్క అయినా చీలుతుంది. చేతిపట్టీ నిలువు కొయ్యలను మాత్రం మరలతో కాక, అవతలికి చొచ్చుకుపోయే బోల్టులతో బిగించాను. మనిషి ఊతం మొత్తం వాటి మీదే పడుతుంది.

నీటి గురించి ఎంత జాగ్రత్త పడినా తక్కువే. దూలాల అడుగులు మట్టిని తాకకుండా నేలకు నాలుగు అంగుళాల ఎత్తున గ్రానైట్ రాళ్ల మీద, జింకు పూత ఉన్న ఇనుప పట్టీల్లో కూర్చోబెట్టి, 70 అంగుళాల ఎత్తును ఆ రాళ్ల చుట్టూ పరిచిన బండల పైనుంచే కొలిచాను. ఒక్కో మెట్టులోని రెండు పలకల మధ్య పావు అంగుళం సందు వదిలాను. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసి, ఇక్కడ వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగిన రోజుల్లో, మా గుట్ట మీది నీరు ఆ మెట్ల కింది నుంచే పారింది. నీరు తీశాక చూస్తే దూలాలు కదలలేదు, ఒక్క మర వదులు కాలేదు. చెదల మందు అంటూ డిపోలో బోరాన్ పొడి కలిపిన ద్రావణం కూడా అమ్మచూపారు. అది ఇంటి లోపలి కలపకు మంచిదే గాని వానకు కరిగి కొట్టుకుపోతుంది కనుక ఆరుబయట పనికి తీసుకోకండి.

పై పూతలో రెండు రకాలు వాడి చూశాను. దుకాణదారు సలహాతో చేతిపట్టీకి మెరిసే పాలీయూరిథేన్ వార్నిష్ వేస్తే మరుసటి వేసవికే పొరలు పొరలుగా లేచింది. మెట్టు పలకలకు వేసిన అవిసె నూనె మెరవదు గాని ఊడదు, ఏటా వానలకు ముందు ఒక పూత వేస్తే చాలు. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఎప్పుడూ కుప్పగా వేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ కుప్ప తనంతట తానే అంటుకోగలదు. విడివిడిగా పరిచి ఆరబెట్టి, ఆ తరువాతే పారేయాలి.

ఇప్పటికి చెడినది ఒకే పలక. కింది నుంచి రెండో మెట్టులో, అంచున చేవ కాక లేత రంగు తెల్ల చెక్క ఉన్న పలకను డిపోలో కలిపి ఇచ్చారు, నేనూ తీసుకునేటప్పుడు గమనించలేదు. ఆ అంచు వరకే పురుగు పట్టి పొడి రాలుతోంది, చేవ ఉన్న భాగం చెక్కు చెదరలేదు. సరుకు నాణ్యత మీద, ఇచ్చిన మాట నిలుపుకోవడం మీద నాకున్న అభిప్రాయం మొత్తం మీద మంచిదే కనుక, మారు పలకను కూడా అదే డిపోలో, ఈసారి నాలుగు అంచులూ వెలుతురులో తిప్పి చూసి తెచ్చుకున్నాను. అది ప్రస్తుతం మా వెనుక అరుగు మీద రెండు రీపర్ల మీద ఆరుతోంది. పోయిన ఆదివారం మీటరు 18 శాతం చూపించింది.