అమ్మాయితో జింకల వేటకు: టెక్సాస్ హిల్ కంట్రీలో మూడు చోట్లు, మా అనుభవం

మా పెద్దమ్మాయికి 11 ఏళ్ళప్పుడు మొదటిసారి జింకల వేటకు తీసుకెళ్ళాం. టెక్సాస్ హిల్ కంట్రీలో ఒక రాంచ్, గైడుతో సహా వారాంతం ప్యాకేజీ. ఫోటోలు చూసి బుక్ చేశాను. ఆ చోటు పేరు రాయడం లేదు. అక్కడ జరిగింది మాత్రం రాయాలి, ఎందుకంటే పిల్లల్ని తీసుకెళ్ళే తల్లిదండ్రులు సరిగ్గా ఇలాంటి చోటునే ముందు ఎంచుకుంటారు.

గదులకు వంక పెట్టడానికి లేదు. మెత్తటి పరుపులు, వేడినీళ్ళు, గోడల నిండా కొమ్ములు. ఇబ్బంది బ్లైండ్‌లో మొదలైంది. జింకలకు కనబడకుండా కూర్చునే ఆ చెక్క గదిని పెద్దవాళ్ళ ఎత్తుకి కట్టారు. కిటికీ మా అమ్మాయి కళ్ళకు పైన ఉంది. బకెట్ బోర్లించి దాని మీద నిలబడమన్నారు. చేతికిచ్చిన రైఫిల్ .30-06, అంటే పెద్ద తూటా పేల్చే రకం. ముందురోజు సాయంత్రం గురి చూసుకోవడానికి ఒక్క తూటా పేల్చింది, అది భుజాన్ని ఎంత గట్టిగా తన్నిందంటే తర్వాత రైఫిల్ ముట్టుకోవడానికే భయపడింది. మర్నాడు పొద్దున్నే ఒక మగ జింక వచ్చింది. గైడు చెవి దగ్గర "కొట్టు, కొట్టు, వెళ్ళిపోతుంది" అంటూనే ఉన్నాడు. పిల్ల చేతులు వణుకుతున్నాయి. జింక వెళ్ళిపోయింది. "నాన్నా, నేను తప్పు చేశానా?" అని అడిగింది. ఆ మాట నాకు ఇప్పటికీ బాధే. దారంతా ఏడుస్తూనే వచ్చింది.

ఇంకోసారి వెళ్ళే ధైర్యం రావడానికి ఏడాది పట్టింది. ఈసారి గదులు చూడటం మానేసి, "పిల్ల వద్దంటే ఆపుతారా?" అని ఫోన్‌లో అడగడం మొదలుపెట్టాను. తడుముకోకుండా "అవును" అన్న చోటు టెక్సాస్ యూత్ హంటింగ్ ప్రోగ్రామ్. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ, టెక్సాస్ వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ కలిసి 1996 నుంచి దీన్ని నడుపుతున్నాయి. 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు. నేర్పేవాళ్ళంతా వాలంటీర్లు, స్థలం రాంచ్ యజమానులు ఇస్తారు. టెక్సాస్‌లో నేల దాదాపు అంతా ప్రైవేటు చేతుల్లోనే ఉంది కాబట్టి ఇది చాలా పెద్ద సాయం. పిల్లలు ముందుగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి ఉండాలి, తల్లో తండ్రో వెంట ఉండాలి.

ఆ కోర్సు గురించి ఒక మాట. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సాస్‌లో వేటాడాలంటే అది కావాలి. ఆన్‌లైన్‌లో కాకుండా మేము ఇద్దరం క్లాసుకే వెళ్ళాం. తుపాకీని చేతిలో పెట్టి, కంచె దాటేటప్పుడు ఎలా ఖాళీ చేయాలో, పక్కవాళ్ళకు ఎలా అందించాలో చేయించి చూపించారు. అది స్క్రీన్ మీద రాదు. 17 ఏళ్ళలోపు పిల్లల లైసెన్స్ 7 డాలర్లే, పెద్దవాళ్ళకు రాష్ట్రవాసులైతే 25. లైసెన్స్ ఏ రోజు కొన్నా ఆగస్టు 31తో గడువు తీరిపోతుంది.

మనవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. హెచ్-1బి లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్ కాసేపు పట్టుకున్నా ఈ చట్టం వర్తిస్తుంది కాబట్టి ముందు లైసెన్స్ తీసుకోండి. గ్రీన్ కార్డు దారిలో ఉన్నవాళ్ళు లాయర్‌ని కూడా అడిగి వెళ్ళడం మంచిది. ఇంత ముఖ్యమైన విషయం నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

యూత్ ప్రోగ్రామ్ వారాంతంలో బస చెప్పుకోదగ్గది కాదు. పొడుగాటి గదిలో బంకులు, స్లీపింగ్ బ్యాగులు మనవే, స్నానానికి వరుస. అయినా మా అమ్మాయి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. శుక్రవారం సాయంత్రం పిల్లలందర్నీ గురి సాధన చేసే రేంజ్‌కి తీసుకెళ్ళారు. ముందు .22 అనే చిన్న తూటా రైఫిల్‌తో, తర్వాత దానికంటే పెద్దదైన .243తో. ఒక పెద్దాయన మా అమ్మాయి మోచేయి వంపుకి రైఫిల్ మడమ, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, ఆనించి, చూపుడు వేలి కొన ట్రిగ్గర్ దాకా వస్తుందా అని కొలిచి చూశాడు. రాలేదు. అలవాటుగా చేసే పనిలా ఇంకో రైఫిల్ తెచ్చి ఇచ్చాడు. దాని మడమ ఒక అంగుళం పొట్టి. ఆ అంగుళంతోనే పిల్ల చెంప సరిగ్గా ఆనింది, కన్ను తిన్నగా స్కోప్‌లోకి వెళ్ళింది. చెవులకు ఎలక్ట్రానిక్ మఫ్స్ పెట్టారు. పేలుడు చప్పుడు ఆపుతాయి, గుసగుస మాత్రం వినబడుతుంది. పిల్లల కోసం ఒక్క వస్తువే కొనగలిగితే ఇవి కొనండి. చాలామంది పిల్లలు బెదిరేది తన్నుకంటే ముందు చప్పుడుకే.

శనివారం తెల్లవారుజామున బ్లైండ్‌లో నేను, అమ్మాయి, వాలంటీరు ముగ్గురం. ఆరున్నర దాటాక ఏడు ఆడ జింకలు వచ్చాయి. అరవై గజాలు ఉంటుందేమో. వాటిలో పెద్దది అడ్డంగా నిలబడింది, గురికి తిరుగు లేదు. అమ్మాయి సేఫ్టీ (రైఫిల్ పేలకుండా ఆపే మీట) తీసింది, ఊపిరి బిగపట్టింది, తర్వాత మెల్లగా సేఫ్టీ మళ్ళీ వేసేసింది. "వెనకాల ఇంకొకటి ఉంది" అంది. నేను చూడలేదు. వాలంటీరూ చూడలేదు. పెద్ద జింక పొట్ట కింద నుంచి, వెనక నిలబడ్డ దాని కాళ్ళు రెండు కనబడుతున్నాయి. తూటా మొదటి జింకను దాటి వెళ్ళి రెండోదాన్ని గాయపరిచేది. ఆ రాత్రి మంట దగ్గర పెద్దాయన అందరి ముందూ ఈ సంగతే చెప్పాడు. ఆ రోజు జింకను కొట్టిన పిల్లలు ముగ్గురు ఉన్నారు, వాళ్ళకు ఎంత మెప్పు దక్కిందో మా అమ్మాయికీ అంతే దక్కింది. జింక లేకుండా ఇంటికొచ్చాం. మళ్ళీ ఎప్పుడు వెళ్తాం అని కారు ఎక్కకముందే అడిగింది.

మూడోసారి మేమే ఏర్పాటు చేసుకున్నాం. లానో దగ్గర ఒక చిన్న రాంచ్, యజమానికి రోజు చొప్పున డబ్బు కట్టి. బస ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్ క్యాబిన్‌లో, రాంచ్‌కి అరగంట దూరం. క్యాబిన్‌లో మంచాలు, హీటరు ఉంటాయి. బాత్రూమ్ మాత్రం బయట, కొంచెం నడవాలి. పరుపు మీదికి దుప్పట్లు మనమే తీసుకెళ్ళాలి. నవంబరు వారాంతాలకు చాలా ముందే నిండిపోతాయి. నా లెక్కలో పిల్లలతో వెళ్ళేవాళ్ళకు లానో మోటెల్ కంటే ఇదే నయం. వేట పొద్దున, సాయంత్రం మాత్రమే. మధ్యలో ఆరేడు గంటలు ఖాళీ. మోటెల్ గదిలో ఆ సమయం గడవదు. ఇక్కడైతే సరస్సు ఒడ్డున గులాబీ రంగు బండల మీద పిల్లలు ఎంతసేపైనా ఆడతారు. అయితే వేట రోజుల్లో కొన్ని స్టేట్ పార్కుల్ని సందర్శకులకు మూసేస్తారు, తేదీలు చూసుకుని బుక్ చేయండి. లానో ఊరు టెక్సాస్ జింకల రాజధానిగా తనను తాను చెప్పుకుంటుంది. ఐసు, తూటాలు, మరిచిపోయిన లైసెన్సు, ఏది కావాలన్నా పది నిమిషాల్లో దొరికింది.

ఆ రాంచ్ యజమాని ముసలాయన. డబ్బు తీసుకునే ముందే, "ఓక్ చెట్ల కింద కాయలు బాగా రాలాయి, ఫీడర్ దగ్గరికి జింకలు రావడం తగ్గింది" అని చెప్పేశాడు. ఇలాంటి మాట ముందే చెప్పే మనిషి దగ్గరికి మళ్ళీ వెళ్ళొచ్చు. ఫీడర్ అంటే టైమర్ పెట్టి మొక్కజొన్న చల్లే డబ్బా. ఓక్ కాయలు దొరికితే జింక మొక్కజొన్న వైపు అంతగా చూడదు. అందుకని ఫీడర్ వదిలేసి, ఓక్ చెట్లకూ వాగుకూ మధ్య జింకలు నడిచే బాట పక్కన గుడ్డ బ్లైండ్ వేసుకున్నాం.

గాలి సంగతి కూడా అక్కడే అమ్మాయికి సరిగా అర్థమైంది. చిన్న సీసాలో పొడి ఉంటుంది, నొక్కితే పొగలా లేచి గాలి ఎటు పోతుందో చూపిస్తుంది. చల్లటి ఉత్తరపు గాలి తిరిగిన మరుసటి రోజు అది. పొడి మా ముఖాల మీద నుంచి వెనక్కి పోతే కూర్చున్నాం. జింకకు నారింజ రంగు మనకు కనబడినట్టు కనబడదు, కానీ మన వాసన తగిలితే ఇక ఆ రోజుకు రాదు. అందుకే పిల్లలకు ఖరీదైన కామోఫ్లాజ్ బట్టలు కొనకండి, ఏడాదిలో పొట్టివైపోతాయి. ఆ డబ్బుతో మంచి బూట్లు, చేతుల్ని వెచ్చబెట్టే ప్యాకెట్లు, 8x42 బైనాక్యులర్ కొనండి. నారింజ వెస్ట్, టోపీ పబ్లిక్ హంటింగ్ స్థలాల్లో తప్పనిసరి. ప్రైవేటు రాంచ్‌లో చట్టం అడగదు, మేము మాత్రం ఎక్కడైనా వేసుకుంటాం. రైఫిల్ ఆనించడానికి ట్రైపాడ్ ఉండాలి, పిల్లల చేతులు రెండు నిమిషాలకే అలసిపోతాయి.

సాయంత్రం ఐదు దాటాక ఒంటరిగా ఒక ఆడ జింక వచ్చింది. వెంట పిల్ల లేదు, వెనకాల మట్టికట్ట. నేను నోరు మెదపలేదు. "నాన్నా, ఓకేనా?" అంది. "నీ ఇష్టం" అన్నాను. ముందుకాలు వెనక, ఛాతీలో కింది మూడో వంతు దగ్గర గురి పెట్టమని నేర్పాం. అక్కడ గుండె, ఊపిరితిత్తులు ఉంటాయి, తగిలితే జింక ఎక్కువసేపు బాధపడదు. పేలింది. జింక ఎగిరి, తోక దించుకుని పొదల్లోకి పరిగెత్తింది.

ఆ తర్వాతి అరగంట చాలా కష్టంగా గడిచింది. వెంటనే వెతకడానికి వెళ్తే గాయపడిన జింక లేచి ఇంకా దూరం పోతుంది. కాబట్టి కదలకుండా కూర్చోవాలి. ఆ అరగంటలో అమ్మాయి ఏడ్చింది, నేను ఆపలేదు, తన భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. తర్వాత హెడ్‌ల్యాంపులు పెట్టుకుని వెళ్ళాం. గడ్డిపోచ మీద మొదటి చుక్క తనే చూసింది. లేత ఎరుపు, చిన్న చిన్న నురుగు బుడగలు. ఊపిరితిత్తులకు తగిలినట్టు అది గుర్తు. ప్రతి చుక్క దగ్గర ఒక టిష్యూ ముక్క పెట్టుకుంటూ వెళ్ళాం. నలభై అడుగుల దూరంలో, సెడార్ చెట్టు కింద పడి ఉంది. అమ్మాయి దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత లైసెన్స్ నుంచి ట్యాగ్ చించి, నెల, తేదీ కత్తిరించి తనే కట్టింది. జింకను కదపక ముందే ఆ పని చేయాలి.

నవంబరులో కూడా టెక్సాస్‌లో వెచ్చగా ఉంటుంది, మాంసం ఎంత త్వరగా చల్లబడితే అంత మంచిది. పేగులు తీసి, లోపల ఐసు సంచులు పెట్టి రాత్రికి రాత్రే లానోలో మాంసం కోసి ప్యాక్ చేసే ప్రాసెసర్ దగ్గరికి తీసుకెళ్ళాం. సీజన్‌లో వాళ్ళు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంచుతారు. ముందే ఫోన్ చేసి అడగండి, మీ జింక మాంసం మీకే వస్తుందా, అందరిదీ కలిపి రుబ్బుతారా అని. మేము వెళ్ళిన చోట విడిగా చేశారు, ప్రతి ప్యాకెట్ మీదా పేరు రాశారు. మాంసం ఎక్కువైతే హంటర్స్ ఫర్ ది హంగ్రీ కింద దానం తీసుకునే ప్రాసెసర్లు ఉన్నారు, అది ఫుడ్ బ్యాంకులకు చేరుతుంది.

మొదటి చోటికి నేను ఎవర్నీ పంపను. యూత్ ప్రోగ్రామ్‌కి మాత్రం తెలిసిన ప్రతి కుటుంబానికీ చెబుతున్నాను. అప్లికేషన్లు ముందే పెట్టండి, చోట్లు తక్కువ. అవి దొరక్కపోతే పిల్లల కోసమే ఉన్న రోజులు చూసుకోండి. అక్టోబరు చివర ఒక వారాంతం, జనవరిలో మళ్ళీ దాదాపు రెండు వారాలు ఉంటాయి. అప్పుడు రద్దీ తక్కువ, రాంచ్ యజమానులకూ తీరిక ఉంటుంది.

మా రెండోవాడికి వచ్చే వేసవికి 9 నిండుతాయి. అక్క వాడికి ఖాళీ రైఫిల్‌తో నేర్పుతోంది. బోల్టు తెరువు, లోపల వేలు పెట్టి చూడు, వెనకాల ఏముందో చూడు. వాడు ప్రతిసారీ మూడోది మర్చిపోతాడు, అక్క మళ్ళీ మొదటి నుంచి చేయిస్తుంది.