ఉన్న కోడాన్‌కు కొత్త పనా, డీఎన్ఏకు కొత్త అక్షరాలా?

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదువుతున్న మా తమ్ముడి కూతురు, జన్యు సంకేతాన్ని విస్తరించే రెండు మార్గాల్లో సెమినారుకు ఏది మేలని నన్ను అడిగింది.

జన్యు సంకేతంలో మూడేసి అక్షరాల మాటలను కోడాన్లు అంటారు. ప్రకృతిలోని 64 కోడాన్లలో 61 అమైనో ఆమ్లాలను సూచిస్తే, మిగిలిన మూడు ప్రోటీన్ తయారీని ఆపుతాయి. ఆ మూడింటిలో ఒకటైన యూఏజీకి వేరే పని అప్పగించడం మొదటి మార్గం. 2001లో పీటర్ షుల్ట్జ్ బృందం, ఆర్కియా అనే సూక్ష్మజీవుల్లో ఒకదానికి చెందిన టీఆర్ఎన్ఏనూ (కోడాన్‌కు తగిన అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే అణువు), దానికి ఆ ఆమ్లాన్ని తగిలించే జోడు ఎంజైమునూ మార్చి, ఈ.కోలై బాక్టీరియా చేత ప్రకృతి ఇవ్వని అమైనో ఆమ్లాన్ని ప్రోటీన్‌లో చేర్పించింది. అయితే యూఏజీ వద్ద తయారీని ఆపే కారకం ఆ టీఆర్ఎన్ఏతో పోటీకి వస్తుంది కనుక, ప్రోటీన్లను పరిమాణం వారీగా విడదీసే జెల్ మీద పూర్తి ప్రోటీన్ గీతకు దిగువన తెగిన ముక్క గీత కూడా కనబడుతుంది. 2013లో ఈ.కోలై జన్యురాశిలోని 321 యూఏజీలనూ మరో ఆపే కోడాన్ అయిన యూఏఏలుగా మార్చి, ఆ కారకాన్నే తొలగించడంతో ఈ పోటీ తప్పింది.

రెండవ మార్గం అక్షరాలనే పెంచడం. నాలుగు అక్షరాలు ఆరైతే కోడాన్లు 216 అవుతాయి. యాభైకి పైగా అక్షరాలున్న మనకు ఆరు పెద్ద లెక్క కాదు గానీ, కణానికి అది పెనుభారమే. 2014లో ఫ్లాయిడ్ రోమ్స్‌బర్గ్ బృందం ఈ.కోలైలో కొత్త అక్షరాల జోడీని నిలిపింది. 2017లో దానితో ప్రోటీన్ కూడా తయారైంది. ఆ అక్షరాల ముడిసరుకును బాక్టీరియా సొంతంగా చేసుకోలేదు, డయాటమ్ అనే సూక్ష్మ శైవలం నుంచి అరువు తెచ్చిన రవాణా ప్రోటీన్ ద్వారా బయటి నుంచి అందుకోవాలి. సరఫరా ఆగితే జోడీ క్రమంగా చెరిగిపోతుంది.

పరిమిత వసతులున్న ప్రయోగశాలకు మొదటిదే తగినదని నా అభిప్రాయం. అమ్మాయి మాత్రం, ప్రశ్నలు ఎక్కువ వస్తాయని, రెండవదే ఎంచుకుంది.