టెక్సాస్ డేకేర్ సాయం రెండేళ్లకు పైగా వాడాక: నా ఉద్యోగం పోయిన పదకొండు వారాల సంగతి

అమెరికాలో డేకేర్ ఫీజులు ఎలా ఉంటాయో మన వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆదాయం తక్కువగా ఉండి పనికి వెళ్లే తల్లిదండ్రులకి ఆ ఫీజులో చాలా భాగం ప్రభుత్వం కడుతుందనీ వినే ఉంటారు. మా టెక్సాస్‌లో దాని పేరు చైల్డ్ కేర్ సర్వీసెస్, జార్జియాలో క్యాప్స్. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరు, వెనకున్న ఫెడరల్ చట్టం మాత్రం ఒకటే. మేం 2023 అక్టోబరు నుంచి మా పాప కోసం వాడుతున్నాం. ఇందులో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఒక్క రూలుని. ఒకసారి ఓకే అయ్యాక పన్నెండు నెలల పాటు మధ్యలో ఆపరు. ఆ రూలు లేకపోతే ఇవాళ నాకు ఉద్యోగం ఉండేది కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మా పరిస్థితి చెప్పాలి. మా ఆయన వాళ్ల అక్క 2004లో వేసిన పిటిషన్ పదిహేనేళ్లకు తేలి, 2019లో ఒంగోలు నుంచి గ్రీన్ కార్డుతో వచ్చాం. మావి సాఫ్ట్‌వేర్ చదువులు కావు. ఆయనకి గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ, నాకు ఇండియన్ గ్రోసరీ షాపులో పప్పులు, పొడులు ప్యాకింగ్. 2021 ఫిబ్రవరిలో పాప పుట్టింది. మొదటి రెండేళ్లు చాలా ఇళ్లలో జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు, తర్వాత మా అత్తయ్య ఆర్నెల్లు, మళ్లీ అమ్మ. 2023 మొదట్లో అమ్మ మోకాళ్ల నొప్పులతో ఇక రాలేనంది. "మీ ఆయన పగలంతా ఇంట్లోనే ఉంటాడు కదా" అన్నవాళ్లు చాలామంది. రాత్రంతా కౌంటరు దగ్గర నిలబడి, పొద్దున ఏడున్నరకి వచ్చి పడుకునే మనిషికి రెండేళ్ల పిల్లని అప్పజెప్పి వెళ్లాల్సి వచ్చింది. ఒకరోజు నేను వచ్చేసరికి ఆయన సోఫాలో నిద్రపోతున్నారు. పాప కుర్చీ లాక్కెళ్లి స్టవ్ పక్కన ఎక్కి నిలబడి ఉంది. ఆయన్ని ఏమీ అనలేకపోయాను. ఆ రాత్రే అప్లికేషన్ నింపాను.

సాయం మొదలయ్యాక మా లెక్క ఇలా ఉండేది. ఇద్దరికీ కలిపి నెలకి సుమారు 3,600 డాలర్లు. డేకేర్ ఫీజు వారానికి 245. అందులో మేం కట్టేది నెలకి 165 డాలర్లు, మిగతాది సెంటరుకే నేరుగా వెళ్లిపోతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్న ఇల్లయితే టెక్సాస్‌లో ఇద్దరి పనిగంటలూ కలిపి వారానికి 50 ఉండాలి. ఒంటరి తల్లికో తండ్రికో అయితే 25. మా ఆయనవి 44, నావి 30. బాగానే సరిపోయాయి.

2024 మే 20, సోమవారం. షాపు చేతులు మారింది. కొత్త యజమాని ప్యాకింగ్ పని బయట చేయించుకుంటానన్నారు. మా ముగ్గురు ఆడవాళ్లకీ ఆ రోజే ఆఖరు. కారులో కూర్చుని నేను మొదట చేసింది గంటల లెక్క. 44 మాత్రమే మిగిలాయి, 50 లేవు. అంటే సాయం పోయినట్టే అనుకున్నాను. ఇంకో వారం పాపని పంపితే ఆ 245 డాలర్లు మా మీద పడతాయన్న భయంతో నేరుగా డేకేర్‌కి వెళ్లి, రేపటి నుంచి పాపని మాన్పిస్తున్నానని చెప్పాను. చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. మొదటి నెలన్నర రోజూ గుమ్మం దగ్గర ఏడ్చిన పిల్ల, అప్పటికి నన్ను వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పరిగెత్తేది.

డేకేర్ డైరెక్టర్ గారు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. నా ఫైలు తీసి, అందులో మాకొచ్చిన ఆమోదం లెటరు నా ముందు పెట్టారు. ఆ లెటరు నా దగ్గరా ఉంది, ఎప్పుడూ పూర్తిగా చదవలేదు. "ఉద్యోగం పోతే సాయం ఆ రోజే ఆగదు. కొత్త పని వెతుక్కోవడానికి మూడు నెలలు ఇస్తారు. నువ్వు చేయాల్సింది వాళ్లకి చెప్పడం. పాపని మాన్పిస్తే సీటు పోతుంది, మళ్లీ వెయిటింగ్ లిస్టే" అన్నారామె. అక్కడి నుంచే సాయం ఇచ్చే ఆఫీసుకి ఫోన్ చేశాం. దాదాపు నలభై నిమిషాలు లైన్లో ఉన్నాక ఒకామె ఎత్తి, షాపు వాళ్లు ఇచ్చిన కాగితం అప్‌లోడ్ చేయమన్నారు. ఉద్యోగం పోతే 14 రోజుల్లోగా తెలపాలని మా కాగితాల్లో ఉంది, మేం మొదటి రోజే చెప్పాం. వారానికి లెటరొచ్చింది. ఆగస్టు 20 వరకూ పాప సీటుకి ఢోకా లేదు. దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

తర్వాత తెలుసుకున్నాను, ఇది మా ఆఫీసు వాళ్ల దయ కాదు, చట్టంలో ఉన్న మాట. డేకేర్ సాయానికి ఫెడరల్ చట్టం 1990లో వచ్చింది. 2014లో దాన్ని సవరించినప్పుడు, ఒకసారి అర్హత వస్తే కనీసం పన్నెండు నెలలు ఉండాలని పెట్టారు. జబ్బు చేసి పనికి వెళ్లలేకపోయినా, కాన్పు సెలవులో ఉన్నా, సీజను పనుల మధ్య ఖాళీ వచ్చినా సాయం ఆపకూడదు. ఉద్యోగం పూర్తిగా పోతే రాష్ట్రం ఆపొచ్చు, కానీ వెతుక్కోవడానికి కనీసం మూడు నెలలు ఇచ్చాకే. జీతం కొంచెం పెరిగినా ఫర్వాలేదు, రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 85 శాతం దాటనంత వరకూ. చంకలో బిడ్డని పెట్టుకుని ఇంటర్వ్యూకి ఎవరూ వెళ్లలేరు కదా. ఆ రూలు రాసినవాళ్లకి ఈ సంగతి తెలుసనిపించింది.

ఆ పదకొండు వారాలూ నేను ఖాళీగా లేను. పాపని దింపి లైబ్రరీకి వెళ్లి అప్లికేషన్లు నింపేదాన్ని. రెండు గంటల ఆన్‌లైన్ క్లాసు విని, తిండి పదార్థాలతో పనిచేసేవాళ్లు తీసుకునే ఫుడ్ హ్యాండ్లర్ కార్డు తీసుకున్నాను. నాలుగు చోట్ల ఇంటర్వ్యూలు అయ్యాయి, అన్నీ పగటిపూటే. ఆగస్టు 5న ఎలిమెంటరీ స్కూల్ కెఫెటీరియాలో చేరాను. వారానికి 30 గంటలు, గంటకి పాత పని కంటే రెండు డాలర్లు ఎక్కువ. ఆఫీసుకి చెప్పగానే పాత పన్నెండు నెలల గడువే కొనసాగింది, మేం కట్టే వాటా పెరగలేదు. 2025 వేసవిలో స్కూలు మూసినప్పుడు కూడా ఇదే రూలు ఆదుకుంది. అది ఉద్యోగం పోవడం కాదు, సీజను ఖాళీ మాత్రమే.

ఇక నచ్చనివి. ఆపరు అని పైన రాశాను కదా, అది లోపలికి వెళ్లినవాళ్లకే. బడికి వెళ్లే హక్కులాంటిది కాదు ఇది, డబ్బు ఉన్నంత మందికే. మేం మార్చిలో అప్లై చేస్తే పిలుపొచ్చేసరికి అక్టోబరు. ఆ ఏడు నెలలూ మా అపార్ట్‌మెంట్‌లో ఒక తెలుగు పిన్నిగారి దగ్గర నగదిచ్చి ఉంచాం. ఆవిడ పాపని బంగారంలా చూసుకున్నారు, కానీ లైసెన్సు లేదు కాబట్టి ఆ ఖర్చుకి సాయం రాదు. మా జీతాలకి ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తెలియక నా గాజులు రెండు అమ్మాం. వెయిటింగ్ లిస్టులో ఉన్నప్పుడు అవసరం మారకపోయినా, ఇంకా అవసరమే అని వాళ్లడిగినప్పుడల్లా జవాబివ్వాలి. ఇవ్వకపోతే పేరు తీసేస్తారు.

పన్నెండు నెలలు నిండే రోజు మరో ప్రమాదం. 2024 అక్టోబరు రెన్యూవల్‌కి ఈమెయిల్ పంపామన్నారు, అది స్పామ్‌లో పడింది. మేం చూసేసరికి ఐదు రోజులే ఉంది. ఫోటో తీసి పంపిన మా ఆయన పే స్టబ్బుల్లో (జీతం చీటీల్లో) ఒకటి సరిగా కనపడట్లేదని వెనక్కి పంపారు, మళ్లీ పంపాం, వాళ్లు చూసేసరికి గడువు దాటింది. రెండు వారాలు పూర్తి ఫీజు, 490 డాలర్లు, మా జేబులోంచి పోయాయి. ఉద్యోగం పోయినప్పుడు ఆదుకున్న వ్యవస్థ, ఇద్దరం పనిచేస్తున్నప్పుడు ఒక మసక ఫోటో దగ్గర ఆగిపోయింది. ఆ బాధ ఇంకా ఉంది. ఇంకొకటి, సెంటరు ఫీజుకీ ప్రభుత్వం ఇచ్చే రేటుకీ తేడా ఉంటే కొన్ని సెంటర్లు ఆ తేడా మన దగ్గర తీసుకుంటాయి. మా దగ్గర ఆ 165 కాకుండా వారానికి 15 డాలర్లు తీసుకున్నారు. చేరేముందే ఆ మాట అడగండి, నేను అడగలేదు.

మన వాళ్లని ఆపే భయం ఒకటుంది. మా ఆయన అక్క, అంటే మా వదినగారు, మమ్మల్ని పోషిస్తానని ప్రభుత్వానికి సంతకం పెట్టి తెచ్చుకున్నారు. నేను అప్లై చేశానని తెలిసి, "ఆ డబ్బంతా రేపు నన్ను కట్టమంటారేమో చూసుకోమ్మా" అన్నారు. ఆవిడ భయం న్యాయమైనదే, పదిహేనేళ్లు మా కోసం ఎదురుచూసిన మనిషి. ఇద్దరం కలిసి లాయరు దగ్గరికి వెళ్లాం. ఆ సంతకం కింద స్పాన్సరుని, అంటే సంతకం పెట్టినవాళ్లని, అడగగలిగేవి మెడికెయిడ్ (ప్రభుత్వ వైద్య సాయం), ఫుడ్ స్టాంపులు లాంటి కొన్ని పథకాలే, డేకేర్ సాయం వాటిలో లేదని లాయరు చెప్పారు. అర్హత చూసేటప్పుడు కూడా పౌరసత్వం, వీసా సంగతి చూసేది బిడ్డకే, తల్లిదండ్రులకి కాదు. మా పాప ఇక్కడే పుట్టింది. ఇలాంటి నియమాలు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి కాబట్టి, గ్రీన్ కార్డు ఇంకా రానివాళ్లు నా మాట మీద కాకుండా లాయరుని అడిగే అడుగెయ్యండి.

టాక్సు వేళ డేకేర్ ఖర్చు చూపించి డబ్బు వెనక్కి తీసుకోవచ్చని కొందరు చెబుతారు. ఫెడరల్ టాక్సులో ఆ ఖర్చుకి ఇచ్చే క్రెడిట్ (పన్ను రాయితీ) మనం కట్టాల్సిన టాక్సుని తగ్గిస్తుంది అంతే, కట్టాల్సిందే లేకపోతే చేతికి ఏమీ ఇవ్వదు. పైగా ప్రభుత్వం కట్టిన భాగాన్ని మన ఖర్చుగా చూపకూడదు. మా ఇంటికి దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు.

అనుకోకుండా కలిసొచ్చింది మాత్రం ప్రీకే, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది బడి. టెక్సాస్‌లో సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండిన పిల్లల్లో, ఇంట్లో ఆదాయం తక్కువైతే, లేదా బిడ్డకి ఇంగ్లిష్ రాకపోతే ప్రభుత్వ బడిలో ప్రీకే ఉచితం. ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నామని ఇన్నాళ్లూ కొంచెం బెంగగా ఉండేది. చివరికి, మా ఆదాయం తక్కువ కాకపోయినా తెలుగే పాపకి సీటు తెచ్చిపెట్టేది అన్నారు స్కూలు వాళ్లు. 2025 ఆగస్టు నుంచి వెళుతోంది. నేను పొద్దున ఆరున్నరకి కెఫెటీరియాలో ఉండాలి, ఆయన రాత్రి డ్యూటీ నుంచి ఏడున్నరకి వస్తారు. ఆ మధ్య గంటలకి ఇప్పటికీ డేకేర్ సాయమే వాడుతున్నాం. పదమూడేళ్లు నిండేదాకా వాడొచ్చు.

మరి తీసుకోమని చెబుతానా? మాలాగా గంటల జీతం, చూసుకునే పెద్దవాళ్లు దగ్గర లేరు, లైసెన్సున్న సెంటరు ఇంటికి దగ్గరలో ఉంది అంటే, ఈ రోజే పేరు రాయించండి. వెయిటింగ్ లిస్టులో రోజులు ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెక్సాస్‌లో 211కి ఫోన్ చేస్తే మీ ప్రాంతపు ఆఫీసు నంబరిస్తారు. హెచ్1బీ జీతం ఉన్న ఇళ్లకి ఆదాయం దగ్గరే ఆగిపోవచ్చు. డ్యూటీ గంటలు వారం వారం మారేవాళ్లకి ఆ 50 గంటలు చూపించడం కష్టమే. ఒకటే బిడ్డ కాబట్టి మాకు కాగితాలు తేలిక, ముగ్గురున్న మా పక్కింటావిడ ప్రతి ఏడూ సగం నెల ఇదే పని మీద ఉంటుంది.

మా తర్వాతి రెన్యూవల్ అక్టోబరులో. ఆగస్టు నుంచే ఇద్దరి పే స్టబ్బులూ వచ్చినవి వచ్చినట్టు స్కాన్ చేసి పెడతాను. ఈసారి ఫోటోలు తీయను.