నార్మల్ సీటీ దగ్గర ఆగిపోని ఎమర్జెన్సీ విభాగం: నా రివ్యూ

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, ఒకటి కావాలనే తగ్గించాను.

మా చెల్లికి సిజేరియన్ అయిన పదో రోజు తలనొప్పి మొదలైంది. కాన్పు చేసిన చోట అడిగితే వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లే, అదే తగ్గుతుంది అన్నారు. తగ్గలేదు. మళ్లీ వెళ్తే సీటీ తీసి, నార్మల్ అని చెప్పి నొప్పి మాత్రలు రాసి పంపారు. స్కాన్‌లో ఏమీ లేదన్నాక మేమూ స్థిమితపడ్డాం. కానీ తను రాత్రంతా దిండ్లు పేర్చుకుని కూర్చునే ఉండేది, నడుం వాలిస్తే తల పగిలిపోతోందని. బిడ్డను ఎత్తుకోవడానికి వంగితే రెండు మూడు సెకన్లు కళ్లు మసకబారేవి. పదమూడో రోజు రాత్రి కుడి చెయ్యి దానంతట అదే కొట్టుకోవడం మొదలైంది, ఒక నిమిషం పాటు. అప్పుడు ఇక్కడికి పరిగెత్తాం.

డ్యూటీ డాక్టర్ పాత రిపోర్ట్ తీసుకుని పక్కన పెట్టి, "ఏమ్మా, పడుకుంటే ఎక్కువా, లేచి కూర్చుంటే ఎక్కువా?" అని అడిగారు. వెన్ను ఇంజెక్షన్ తలనొప్పి మామూలుగా పడుకుంటే తగ్గుతుందట, మా చెల్లిది సరిగ్గా దానికి తిరగబడి ఉంది. ఈ ఒక్క ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. దగ్గితే పెరుగుతోందా, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డలు కట్టాయా, గర్భనిరోధక మాత్రలు వాడిందా అని కూడా అడిగి, లైటు ఆర్పించి, చిన్న టార్చి లాంటి పరికరంతో చాలాసేపు కంట్లోకి చూశారు. కంటి వెనక నరం ఉబ్బింది, అంటే తలలో ప్రెషర్ పెరిగింది అన్నారు. వెంటనే ఎమ్మారైతో పాటు వెనోగ్రామ్, అంటే సిరల స్కాన్, రాశారు.

వాళ్ల అనుమానం సీవీటీ మీద: మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తెచ్చే సిరల్లో గడ్డ కడితే దాన్ని అలా అంటారు. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాల్లో రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో దీని భయం ఎక్కువ. మామూలు సీటీలో దాదాపు మూడోవంతు మందిలోనే ఏదైనా తేడా కనిపిస్తుందట. అంటే నార్మల్ సీటీ చూపించి ఇది లేదని చెప్పడానికి వీల్లేదు, సిరలను విడిగా చూపించే వెనోగ్రామ్ కావాలి, అది ఎమ్మారైలో అయినా సరే, కాంట్రాస్ట్ ఇచ్చి సీటీలో అయినా సరే.

రేడియాలజీ డాక్టర్ మమ్మల్ని పిలిచి తెరమీద చూపించారు. నడినెత్తి మీదుగా వెనక్కి వెళ్లే పెద్ద సిర సగం దాకా తెల్లగా వచ్చి అక్కడితో ఆగిపోయింది, కాలువకు అడ్డుకట్ట వేసినట్టు. పక్క సిర ఒకటి కూడా సన్నగా ఉంది, కానీ కొందరికి పుట్టుకతోనే అలా ఉంటుందని, అది గడ్డ అనుకోకుండా మిగతా ఎమ్మారై బొమ్మలతో సరిచూసుకున్నానని చెప్పారు. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది.

గడ్డ దగ్గర కాస్త రక్తస్రావం కూడా ఉంది. అయినా హెపారిన్ మొదలుపెడతామంటే మా అమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు, రక్తం కారుతుంటే పలచబరిచే మందేమిటని. న్యూరాలజిస్ట్ కూర్చుని ఓపిగ్గా చెప్పారు: సిర మూసుకుపోయి వెనక ఒత్తిడి పెరగడం వల్లే రక్తం చిమ్మింది, గడ్డ ఇంకా పెరగకుండా ఆపితేనే ఆ ఒత్తిడి దిగుతుంది అని. ఇంటికి పంపేటప్పుడు రక్తం పలచబరిచే మాత్ర వార్ఫరిన్ రాశారు, అది తల్లిపాలలోకి దాదాపుగా చేరదని, బిడ్డకు పాలు ఆపొద్దని కూడా వాళ్లే గుర్తుచేశారు. మా చెల్లి ఆ మాటకే ఏడ్చేసింది.

ఇక ఆ తగ్గించిన స్టార్. డిశ్చార్జ్ రోజు జాగ్రత్తలన్నీ అయిదు నిమిషాల్లో చదివేశారు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఇక వాడకూడదన్న సంగతి కాగితంలో చివరి లైనులో చిన్న అక్షరాలతో ఉంది, నేను చదివాను కాబట్టి సరిపోయింది. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ రక్తపరీక్షకు పచ్చి బాలింతను గంటన్నర నిలబెట్టారు. ఈ రెండూ సరిదిద్దడం వాళ్లకు పెద్ద పని కాదు. మూడో నెల స్కాన్‌కి మాత్రం ఇక్కడికే వస్తాం.