నియానా, కార్డినలా?

హన్మకొండలో అక్వేరియం పెట్టేవాళ్లు ముందు అడిగేది నియాన్ టెట్రా చేపనే. అగ్గువకు దొరుకుతది. పక్కన కార్డినల్ టెట్రాను పెడితే తేడా ఇట్టే తెలుస్తది. నియాన్‌కు ఎరుపు పొట్ట మధ్యనుంచి తోకదాకే, కార్డినల్‌కు మొప్పల దగ్గర్నుంచే, పండుమిరప రంగులో. రెండూ దక్షిణ అమెరికావే. నియాన్‌ది అమెజాన్ ఎగువ ప్రాంతం, కార్డినల్‌ది రియో నెగ్రో, ఒరినోకో నదులు.

అసలు లెక్క ఎండాకాలంలోనే. నియాన్‌కు 20 నుంచి 26 డిగ్రీల నీళ్లు కావాలె. కార్డినల్ 28లో కూడా హాయిగా తిరుగుతది. మే నెలలో మన తొట్టి 30 దాటితే రెండిటికీ కష్టమే గానీ ముందు డీలా పడేది నియానే.

బోరునీళ్లే గతి అంటే మాత్రం నియాన్ మేలు. ఎక్కువగా ఫారాల్లో పుట్టి పెరిగిన చేప కాబట్టి సర్దుకుంటది. నదిలో పట్టి తెచ్చిన కార్డినల్‌కు ఆర్వో నీళ్లు కలపాల్సిందే. ఆ తిప్పలు పడగలిగితే నా ఓటు కార్డినల్‌కే. ఒకటి రెండు కాదు, గుంపుగా తెచ్చుకోండి.