ఊపితే నిండుతుందన్న టార్చిలైటు: పది రోజుల పరీక్ష

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన తరువాత, మా వీధికి కరెంటు తిరిగి వచ్చేదాకా చీకట్లో గడిపిన రాత్రులను నేను మరచిపోలేదు. అప్పటి నుంచి ఏటా తుపానుల కాలానికి ముందే ఇంట్లోని టార్చిలైట్లను, వాటిలో వేసే సెల్లులను సరిచూసుకోవడం నాకు అలవాటైంది. అందువల్లనే "సెల్లు మార్చనక్కరలేదు, ఛార్జింగు పెట్టనక్కరలేదు, అరనిమిషం ఊపితే అయిదు నిమిషాల వెలుగు, వాడకుండా ఉంచితే తనంతట తానే నిండుతుంది" అన్న ప్రకటన చూసి, ఆన్‌లైన్‌లో 349 రూపాయలు పెట్టి ఒక టార్చి తెప్పించాను. ఆపద రాత్రి ఎవరైనా దీనినే నమ్ముకొని కూర్చునే అవకాశం ఉంది కనుక, పది రోజులు పరీక్షించి తేలిన సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, దాని మధ్యలో రాగితీగ చుట్టిన కాయిల్, కాయిల్ లోపల అటూ ఇటూ జారే లోహపు కడ్డీ, ముందు భాగంలో తెల్లని ఎల్‌ఈడీ ఉన్నాయి. పట్టు బాగుంది, మీట గట్టిగా ఉంది. పెట్టె తెరిచి, ఒక్కసారి కూడా ఊపకుండా మీట నొక్కగానే ధగధగా వెలిగింది. మొదటి అనుమానం నాకు అక్కడే కలిగింది. ఈ రకం టార్చిలో ఊపినప్పుడు పుట్టిన విద్యుత్తు సాధారణంగా ఒక కెపాసిటర్‌లో నిలుస్తుంది. గోదాములో వారాల తరబడి పడి ఉన్న కెపాసిటర్‌లో అంత వెలుగుకు సరిపడా విద్యుత్తు మిగిలి ఉండదు.

ఆ రాత్రి ఆపకుండా వెలిగించి ఉంచాను. దాదాపు మూడు గంటల పాటు వార్తాపత్రిక చదువుకోగలిగినంత వెలుగు వచ్చింది; తెల్లవారేసరికి ఎల్‌ఈడీ ఒక చుక్కలా మినుకుమంటోంది. ఆపివేసి సాయంత్రం మళ్లీ నొక్కితే, ఊపకపోయినా, మొదటి రోజంత వెలుగు వచ్చింది. కొన్నవారు "నిజంగానే నిండింది" అని నమ్మేది ఇటువంటి క్షణంలోనే. కానీ నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. అయిదు నిమిషాలు తిరగకుండానే అది మళ్లీ చుక్క వెలుగుకు దిగిపోయింది.

ఈ పని ఏ సెల్లయినా చేస్తుంది. మా ఇంట్లోని పాత రెండు సెల్లుల టార్చిలైటులో నీరసించిన సెల్లులు వేసి చూస్తే అదీ ఇలాగే ప్రవర్తించింది. మన పల్లెల్లో పెద్దవాళ్లు అయిపోవచ్చిన సెల్లులను ఎండలో పెట్టి మరో రెండు రాత్రులు గడుపుకొనేవారు; దానికి ఆధారమూ ఈ గుణమే. 1866లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెక్లాన్షే రూపొందించిన సెల్లు నుంచి వచ్చిన మామూలు జింకు-కార్బన్ సెల్లులో, కరెంటు లాగుతున్నంతసేపూ రసాయన చర్యలో పుట్టిన పదార్థాలు ధ్రువాల దగ్గర పేరుకొని అడ్డుపడతాయి. మీట ఆపితే అవి మెల్లగా చెదిరిపోతాయి, లోపలి మాంగనీస్ డయాక్సైడ్ కొంత పని చక్కబెడుతుంది, వోల్టేజి తిరిగి పైకి వస్తుంది. ఎండ వేడికి ఈ కదలిక ఇంకాస్త చురుకవుతుంది. సెల్లులోకి కొత్తగా శక్తి ఏమీ చేరదు; మిగిలి ఉన్న శక్తి బయటికి రావడానికి దారి తెరుచుకుంటుంది, అంతే.

నాలుగో రోజు గొట్టాన్ని విడదీశాను. లోపల ఒకదాని మీద ఒకటిగా రెండు బిళ్ల సెల్లులు ఉన్నాయి, వాటి మీద సీఆర్2032 అని అచ్చు వేసి ఉంది. ఒక్కొక్కటి 3 వోల్టుల లిథియం సెల్లు, సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటల సామర్థ్యం కలది, తిరిగి ఛార్జి చేయడానికి పనికిరానిది. కాయిల్ తీగ కొసల్లో ఒకటి దేనికీ అతికి లేదు. నాకు చెడిపోయిన టార్చి వచ్చి ఉండవచ్చునని మరొకటి తెప్పించాను. రెండవదానిలో కొసలు రెండూ టంకం వేసి ఉన్నాయి గానీ, లోపలి కడ్డీకి గుండుసూది కూడా అంటుకోలేదు. అయస్కాంతం కాని ఇనుప ముక్కను కాయిల్‌లో ఎంతసేపు ఆడించినా కరెంటు పుట్టదు.

ఆ తరువాత చేసిన పరీక్షను ఎవరైనా చేసుకోవచ్చు. రెండవ టార్చిని చుక్క వెలుగు దాకా వాడి, ఆపి, అయిదు నిమిషాలు ఊపి, మల్టీమీటరుతో సెల్లుల వోల్టేజి కొలిచాను. మళ్లీ అదే స్థితికి తెచ్చి, ఈసారి అయిదు నిమిషాలు బల్ల మీద కదపకుండా ఉంచి కొలిచాను. ఇలా మూడేసి సార్లు మార్చి మార్చి చూస్తే, రెండు పద్ధతుల్లోనూ వోల్టేజి ఒకే తీరుగా లేచింది, విడత విడతకూ లేచే ఎత్తు మాత్రం తగ్గుతూ వచ్చింది. ఊపుతున్నంతసేపూ టార్చి ఆరిపోయి ఉంటుంది, అంటే సెల్లుకు విశ్రాంతి దొరుకుతుంది. ఆ విశ్రాంతి ఇచ్చిన ఫలితాన్ని మనం ఊపుడు ఖాతాలో వేస్తున్నాము.

ఊపి వెలిగించే టార్చి అసాధ్యమని నేను అనడం లేదు. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణతో, అంటే కాయిల్‌లో అయస్కాంతం కదిలితే కరెంటు పుట్టే గుణంతో, పనిచేసే నిజమైన టార్చిలు ఉన్నాయి. అయితే వాటి లెక్క కఠినమైనది. 3 వోల్టుల దగ్గర 20 మిల్లీ ఆంపియర్లు తీసుకునే చిన్న ఎల్‌ఈడీ అయిదు నిమిషాలు వెలగాలంటే 18 జౌళ్ల శక్తి కావాలి. 50 గ్రాముల అయస్కాంతం 10 సెంటీమీటర్లు జారితే వచ్చేది 0.05 జౌలు. నష్టం ఏమీ లేదనుకున్నా 360 సార్లు జారాలి. చేత్తో బలంగా ఊపితే కొంత తగ్గుతుంది గానీ, అరనిమిషంలో తెమిలే పని కాదు.

ఈ టార్చిని కొనవద్దని నా సలహా. సెల్లులను టంకం వేసి బిగించినందువల్ల అవి అయిపోతే మార్చుకునే వీలు కూడా లేదు. అన్నిటికన్నా నన్ను బాధించిన విషయం మరొకటి ఉంది: లోపల సెల్లే లేదనుకొని దీనిని పసిపిల్లలకు ఆడుకోవడానికి ఇస్తారు. గొట్టం పగిలి ఆ బిళ్ల బయటపడి, పిల్లలు మింగితే గంటల వ్యవధిలోనే అన్నవాహికను కాల్చివేస్తుంది. దుకాణంలో ఇటువంటిది చూపిస్తే గొట్టం పక్కన గుండుసూది పెట్టి, అది కడ్డీ వైపు లాగబడుతుందో లేదో చూడండి. నేను మాత్రం రెండు సెల్లుల టార్చిలైటునే ఉంచుకున్నాను. తుప్పు పట్టకుండా సెల్లులను బయటే, పొడి డబ్బాలో పెట్టాను.

కొలతలన్నీ రాసి అమ్మినవారికి పంపాను. మొదటి టార్చి డబ్బు వాపసు వచ్చింది. ప్రకటన ఈ ఉదయానికి కూడా మారలేదు.