శాండ్ పేపర్‌కు ఏ చోటు మేలు: గోడా, సొరుగా, పెట్టా?

కర్రను తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం మీద ముదురు రంగు కర్రతో తీసిన ఒక గిన్నెను 400 గ్రిట్ (కాగితం గరుకుదనం కొలత; సంఖ్య పెరిగేకొద్దీ మెత్తన) దాకా రుద్ది, చేతికి నున్నగా తగులుతోందని తృప్తిపడి నూనె పట్టించాను. నూనె పూర్తిగా ఇంకకముందే లోపలి వాలు మీద గుండ్రంగా రెండు గీతలు తేలాయి. అప్పటిదాకా వాడిన 400 ముక్కను దీపం కింద పెట్టి చూస్తే, దాని మడతలో 80 గ్రిట్ కాగితం నుంచి రాలిన రేణువు ఒకటి ఇరుక్కుని కనిపించింది. అన్ని గ్రిట్లనూ ఒకే రేకు డబ్బాలో కుక్కడం వల్ల వచ్చిన తంటా అది. ఆ గిన్నెను మళ్లీ 180 నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

సంఖ్య ముందు 'పి' ఉండే యూరప్ కొలతలో పి80 కాగితం మీది రేణువు సగటున 200 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, పి400 మీదిది 35 మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. దాదాపు ఆరు రెట్ల తేడా ఉన్న ఈ రెండింటినీ ఒకదానిపై ఒకటి పడేసి ఉంచితే, ముతకది రాల్చిన రేణువు మెత్తనిదాని పనిని చెడగొట్టక మానదు. కాబట్టి ఏ ఏర్పాటునైనా తూచేటప్పుడు నేను మొదట చూసేది అది గ్రిట్లను నిజంగా విడివిడిగా ఉంచుతుందా అని. ఆ తరువాత కాగితాన్ని తేమ నుంచి, పొట్టు నుంచి కాపాడుతుందా అని. చివరగా, లేత్ ముందు నిలబడి పని చేస్తుండగా తరువాతి గ్రిట్ వెతుక్కోకుండా చేతికి అందుతుందా అని. ఈ మూడూ ఒకే చోట కుదరడం అరుదు.

చాలామంది మొదట ఎంచుకునేది గోడ. రోల్స్‌ను కర్ర కడ్డీలకు గుచ్చి వరుసగా బిగించి, కింద పాత హాక్సా బ్లేడు ఒకటి అమర్చితే, కావలసినంత లాగి చింపుకోవచ్చు. గుడ్డ వెన్ను ఉన్న రోల్స్‌కు, ముఖ్యంగా ఒక అంగుళం నుంచి నాలుగు అంగుళాల వెడల్పు వాటికి, ఇంతకంటే సుఖమైన ఏర్పాటు లేదు. అవి సులభంగా వంగుతాయి, కాగితంలా చుట్టుకుపోవు. పైగా వెనుక గ్రిట్ సంఖ్య మళ్లీ మళ్లీ ముద్రించి ఉంటుంది కాబట్టి చింపిన ముక్క ఎంతో కొంత తన గుర్తును తనతోనే తెచ్చుకుంటుంది. అయితే గోడ మీద ఉన్నదంతా తెరిచి ఉన్నట్టే. లేత్ నుంచి ఎగిరే తురుము, రుద్దేటప్పుడు లేచే సన్నని పొడి రోల్ అంచుల్లో పేరుకుంటాయి. అందువల్ల ముతక రోల్స్ కింది కడ్డీకి, మెత్తనివి పై కడ్డీకి ఉండాలి; తిరగేసి పెడితే 80 నుంచి రాలినదంతా 320 మీద పడుతుంది. ఇంకో షరతు కూడా ఉంది: ఆ కడ్డీలు లేత్ వెనుక గోడకు ఉండకూడదు. తిరుగుతున్న పని మీదుగా చెయ్యి చాపవలసిన చోట ఏ వస్తువూ పెట్టరాదు, అది ఎంత చేరువగా కనిపించినా సరే.

ముక్కలను క్లిప్పులతో మేకులకు వేలాడదీయడం కూడా గోడ పద్ధతే. చూడడానికి బాగుంటుంది కానీ నెల తిరిగేసరికి ఒక్కో క్లిప్పుకు రెండు మూడు గ్రిట్లు చేరుతాయి. దీనిని నేను సిఫారసు చేయను.

పూర్తి షీట్ల సంగతి వేరు. 9 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు ఉండే కాగితపు షీటు వెన్నువైపు తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, గరుకు వైపు జిగురు పొర అంతగా కదలదు. అందుకే షీటు గొట్టంలా చుట్టుకుంటుంది. అలా చుట్టుకున్నదాన్ని బలవంతంగా విప్పితే పొర పగిలి రేణువులు రాలుతాయి. సుమారు 20 డిగ్రీల వేడి, గాలిలో 50 శాతానికి అటూ ఇటూ తేమ ఉన్న చోట, బరువు కింద చదునుగా ఉంచితే ఈ బెడద ఉండదు. దీనికి లోతు తక్కువ సొరుగులు ఉత్తమం, గ్రిట్‌కు ఒక సొరుగు. అన్నిటికీ సొరుగులు చేయించలేనివారు ఒకే మూత పెట్టెలో పలుచని ప్లైవుడ్ అరలు జారించుకోవచ్చు. కాగితాలు దాచుకునే మడతల ఫైలు కూడా ఈ పనికి పనికొస్తుందని చెబుతారు. చవక, తేలిక, ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు, నిజమే. కానీ దాని అట్ట అరలు అడుగున వదులై, బరువైన ముతక షీట్లు జారి పొరుగు అరలోకి వంగుతాయి. ఏడాదికి నాలుగైదు గిన్నెలు చేసేవారికి అది చాలు.

సొరుగుకు ఉన్న లోపమల్లా అది లేత్‌కు దూరంగా ఉండడమే. పొడి పట్టిన చేత్తో సొరుగు లాగి, షీటు తీసి, చింపి, మడిచి వచ్చేసరికి ఓపిక నశించి, చేతిలో ఉన్న 180తోనే మరికాసేపు లాగించేస్తాం. నా అనుభవంలో మధ్య గ్రిట్ దాటవేయడానికి బద్ధకం కంటే ఈ దూరమే పెద్ద కారణం. 120 తరువాత 180, 240, 320 అని సుమారు ఒకటిన్నర రెట్ల చొప్పున ఎక్కవలసిన మెట్లలో ఒకటి తప్పితే, ముందు గ్రిట్ వదిలిన గీతలను తరువాతిది తుడవలేదు.

అందుకే తీర్పు చెప్పవలసి వస్తే, పని చేసే చోటికి నేను చిన్న అరల పెట్టెకే ఓటు వేస్తాను. చెయ్యి జాపితే అందే ఎత్తులో, ఎడమ నుంచి కుడికి 80, 120, 180, 240, 320, 400 అని ఆరు అరలు, మీద వాలుగా మూసుకునే మూత, ఇంతే. ఒక్కో షీటును ముందుగానే చింపి, మూడు మడతలు పెట్టి నిలువుగా నిలపాలి. మూడు మడతల్లో గరుకు ముఖం గరుకు ముఖాన్ని తాకదు, వేళ్ల కింద పొరలు జారవు, వేడి కూడా కొంత ఆగుతుంది. చింపేటప్పుడే ప్రతి ముక్క వెనుక మార్కర్‌తో సంఖ్య వేయడం మరవకూడదు, ఎందుకంటే షీటు మీద ముద్రించిన సంఖ్య అన్ని ముక్కలకూ రాదు. సంఖ్య ముందు 'పి' ఉందా లేదా అన్నది కూడా రాయాలి: పి లేని అమెరికన్ కొలతలో 400 అంటే దాదాపు 23 మైక్రాన్లు, అంటే పి400 కంటే బాగా మెత్తన. రెండు రకాలూ ఒకే అరలో పడితే మెట్ల వరుస తెలియకుండానే తప్పుతుంది.

నిల్వకు సొరుగు, రోల్స్‌కు గోడ, చేతికి పెట్టె అన్నమాట. ఒక్కటే కొనగలిగినా, ఒక్కటే చేయగలిగినా పెట్టెతో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే షీట్లను తాత్కాలికంగా రెండు పలకల మధ్య నొక్కి ఉంచినా గడుస్తుంది.

డ్రిల్లుకు బిగించే రెండు, మూడు అంగుళాల వెల్క్రో డిస్కులకు ఇవేవీ సరిపడవు. పొడవాటి బోల్టులకు మధ్యలో రంధ్రం చేసి గుచ్చేవారు ఉన్నారు కానీ, ఆ రంధ్రం అంచున కాగితం చిరుగుతుంది. డిస్కు వ్యాసానికి సరిపడే ప్లాస్టిక్ గొట్టాలను అడుగు మూసి, గ్రిట్‌కు ఒకటి చొప్పున పక్కపక్కన నిలబెట్టడం సులువు. డిస్కులకు వెన్ను మీది సన్నని పోగులే ప్రాణం. వాటిలో పొడి చేరితే ప్యాడ్‌కు పట్టుకోవు.

సగం వాడిన ముక్కల గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు. అరిగిన 180 ముక్క ఇక 180 కాదు, 240 కూడా కాదు. దాన్ని కొత్తవాటితో కలిపి తిరిగి అరలో పెడితే ఏది ఎంత కోస్తుందో అంచనా ఉండదు. పెట్టె పక్కన ఒక చిన్న బుట్ట ఉంచి, ఇంకా కోసే ముక్కలను మాత్రం అదే అరలో ముందువైపు నిలిపి, వేలితో రాస్తే నున్నగా తగిలేవాటిని అక్కడికక్కడే బుట్టలో వేస్తాను. పొదుపు పేరుతో వాటిని దాచుకునేవారి బల్ల నేను చూశాను. ఆ గుట్ట కింద పెన్సిలు దొరకడం కూడా కష్టం.

స్టీల్ ఊల్‌ను మాత్రం ఈ అరల్లో ఏదాంట్లోనూ ఉంచకండి. సన్నని ఇనుప పోగు గ్రైండర్ నిప్పురవ్వకు అంటుకుంటుంది, చుట్టూ ఉన్నదేమో కర్ర పొడి. దానికి బిగుతు మూత ఉన్న రేకు డబ్బా ఒకటి, గ్రైండర్‌కు దూరంగా.